పులిహోరతో నాలుగేళ్లు: బల్లికి నాలుగు స్టార్లు, కిట్‌కి ఒకటి

ముందే చెప్పేస్తున్నాను, ఇది రెండింటి మీద రివ్యూ. ఒకటి మా బల్లి, రెండోది ఆ బల్లి కోసమని షాపువాళ్లు మాకు అంటగట్టిన స్టార్టర్ కిట్. బల్లి బంగారం. కిట్‌లో వచ్చిన సామానులో ఇవాళ్టికీ వాడుతున్నవి రెండే, నీళ్ల గిన్నె, గాజు తొట్టి. ఆ తొట్టిలో కూడా ఇప్పుడు కొత్తిమీర పెంచుతున్నాను.

మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. 2020 అక్టోబర్. పిల్లలిద్దరికీ ఇంట్లోంచే స్కూలు, రోజూ కుక్కపిల్ల కావాలని గొడవ. మా ఆయనకి కుక్క దగ్గరికొస్తే చాలు తుమ్ములు. పిల్లి అంటే నాకు పడదు. "బొచ్చు లేనిదేదైనా అయితే చూద్దాం" అని ఆయన ఒక రాత్రి నోరు జారారు. తొమ్మిదేళ్ల మా పాప ఆ ఒక్క మాట పట్టుకుని వారం తిరిగేలోపు లెపర్డ్ గెకో మీద పద్నాలుగు స్లైడ్లు తయారు చేసింది. ఆఖరి స్లైడులో "అరవదు, వాకింగ్‌కి తీసుకెళ్లక్కర్లేదు, నాన్నకి తుమ్ములు రావు" అని ఉంది. ఇంక ఏం మాట్లాడతాం.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మన గోడ మీద బల్లికి ఇది దూరపు చుట్టం. గోడలెక్కలేదు, కాళ్లకి అంటుకునే మెత్తలుండవు, చిన్న గోళ్లుంటాయంతే. మన బల్లిలా రెప్పలేని కళ్లు కావు, హాయిగా కళ్లు మూసుకుని పడుకుంటుంది. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, మన దేశపు వాయవ్య మూల ఉన్న రాళ్ల నేలలు దీని సొంతూరు. కొవ్వంతా తోకలో దాచుకుంటుంది కాబట్టి తోక లావుగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. పసుపు ఒళ్లు, దాని మీద నల్ల చుక్కలు. పాప షాపులో చూడగానే "అమ్మా, ఆవాలు వేసిన పులిహోర!" అంది. పేరు అక్కడే ఖాయమైంది.

బల్లి నలభై డాలర్లు, కిట్ నూట నలభై. ఇరవై గ్యాలన్ల తొట్టి, జాలీ మూత, ఎర్ర బల్బు, కింద అంటించే హీట్ మ్యాట్, గడియారంలా ముల్లుండే థర్మామీటరు, ఒక ప్లాస్టిక్ గుహ, నీళ్ల గిన్నె, నారింజ రంగు కాల్షియం ఇసుక రెండు సంచులు. "ప్లగ్ పెడితే చాలు, ఇంకేం అక్కర్లేదు" అన్నాడు షాపులో కుర్రాడు. ఆ మాట నమ్మడం మా మొదటి తప్పు.

రెండో వారంలో పులిహోర తిండి తగ్గించేసింది. గుహలోకి వెళ్లడం మానేసి, తొట్టికి చల్లగా ఉండే మూలన నీళ్ల గిన్నెకి ఒళ్లానించి పడుకునేది. థర్మామీటరు చూస్తే 85 చూపిస్తోంది (ఇక్కడ రాసే డిగ్రీలన్నీ ఫారన్‌హీటే). అంతా బాగానే ఉందనుకున్నాం. కోవిడ్ రోజులు కదా, నుదురు దగ్గర పెట్టి జ్వరం చూసేది ఇంట్లో ఉంది, బాబు దాన్ని ఊరికే ఆటగా గుహ నేల మీదికి గురిపెట్టాడు. అది ఎర్రర్ అని చూపించింది. అనుమానం వచ్చి మా ఆయన గ్యారేజీలోంచి ఏసీ పనికి వాడే టెంపరేచర్ గన్ తెచ్చి కొట్టారు. 111. గాజు మీద అంటించిన ముల్లు థర్మామీటరు ఆరంగుళాల ఎత్తున గాలి వేడి చెబుతోంది, బల్లి పొట్ట ఆనించే చోట పెనం కాలుతోంది. ఆ గుహలో అది ఎందుకు పడుకుంటుంది చెప్పండి? నా బుర్రకి అప్పుడు తట్టింది, మేం కొన్న వస్తువుల్లో వేడిని పుట్టించేవి రెండున్నాయి, వేడిని అదుపు చేసేది ఒక్కటీ లేదు.

అదే రోజు థర్మోస్టాట్ ఆర్డర్ చేశాం. ముప్ఫై రెండు డాలర్లు. దాని తీగ కొస మ్యాట్‌కి ఆనించి 90కి పెడితే, వేడి అది దాటగానే కరెంటు ఆపేస్తుంది, తగ్గగానే మళ్లీ ఇస్తుంది. అంతే దాని పని. ఈ జీవికి వెచ్చని వైపు నేల 88 నుంచి 92 మధ్య ఉండాలి, చల్లని వైపు 75 చుట్టుపక్కల. ఒంట్లో సొంతంగా వేడి పుట్టదు కనక అటూ ఇటూ తిరిగి తనకి కావాల్సినంత తీసుకుంటుంది. తిన్నది అరగాలన్నా ఆ పొట్ట కింద వేడే దిక్కు. థర్మోస్టాట్ పెట్టిన మూడో రోజు రాత్రి గుహలోంచి తల బయటపెట్టి ఒకేసారి ఐదు పురుగులు తింది. నాలుగేళ్లలో రెండు హీట్ మ్యాట్లు మార్చాం, ఆ థర్మోస్టాట్ మాత్రం ఇంకా అదే. ఎవరైనా నన్ను ఒక్క సలహా అడిగితే అదే చెబుతాను, బల్లి కంటే ముందు థర్మోస్టాట్ కొనండి.

ఇసుక సంగతి. కాల్షియం ఇసుక తింటే మంచిదేనని సంచి మీద రాసి ఉంది. పులిహోర పురుగు మీదికి దూకిన ప్రతిసారీ ఇంత ఇసుక నోట్లోకి పోయేది. మూడో వారం దాని పెంటలో నారింజ రంగు గడ్డలు కనిపించాయి. పేగుల్లో అది గట్టిపడితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు తర్వాత చెప్పింది. ఆ సాయంత్రమే ఇసుకంతా ఎత్తిపోసి పేపర్ టవల్స్ పరిచాను, ఆర్నెల్ల తర్వాత బాత్రూం పనిలో మిగిలిన టైల్స్ వేశాం. ఎర్ర బల్బు కూడా తీసేశాం. రాత్రంతా లైటు వెలుగుతుంటే దానికి పగలేదో రాత్రేదో ఏం తెలుస్తుంది? ఇది సంధ్యవేళ జీవి. మా ఇంట్లో దీపం పెట్టే వేళకి దానికి తెల్లారుతుంది.

తిండి దగ్గర అసలు పరీక్ష నాకు. మాది వంకాయ తప్ప ఏదీ కోయని వంటిల్లు. ఇది ఆకూ కూరా ముట్టదు, కదిలే పురుగే కావాలి. మొదట కీచురాళ్లు తెచ్చాం. ఒక రాత్రి డబ్బా మూత సరిగ్గా పడక పాతిక దాకా పారిపోయాయి, పది రోజులు డిష్‌వాషర్ వెనకాల కచేరీ. అప్పటినుంచి మీల్‌వర్మ్‌లు, అప్పుడప్పుడు డూబియా బొద్దింకలు. మీల్‌వర్మ్‌లు ఫ్రిజ్‌లో ఉంటే పెరగకుండా నిద్రపోతుంటాయి. ఆవకాయ జాడీ పక్కన పురుగుల డబ్బా! మొదటి నెల ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా నాకు కడుపులో తిప్పేది. ఇప్పుడు ఓట్స్ పొట్టులో క్యారెట్ ముక్క వేసి వాటికి నేనే భోజనం పెడుతున్నాను, పురుగు తిన్నదే బల్లికి అందేది. పెట్టేముందు చిన్న గిన్నెలో వేసి కాల్షియం పొడి చల్లి ఊపాలి, బజ్జీ ముక్కలకి పొడి పిండి పట్టించినట్టు. ఆ పొడి మానేస్తే ఎముకలు మెత్తబడి కాళ్లు వంకర్లు పోతాయి. పురుగు మన బల్లి రెండు కళ్ల మధ్య వెడల్పు కంటే లావుండకూడదు. ఇప్పుడు పెద్దది కాబట్టి మూడ్రోజులకోసారి తింటుంది. దూకే ముందు తోక చివర సన్నగా వణుకుతుంది, అది చూడ్డానికి మా బాబు హోంవర్కు వదిలేసి పరిగెత్తుకొస్తాడు.

శుభ్రం మాత్రం సరదా విషయం కాదు. ఆరోగ్యంగా ఉన్న సరీసృపాల్లో కూడా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, అయిదేళ్ల లోపు పిల్లలకీ పెద్ద వయసువాళ్లకీ దాంతో ప్రమాదం ఎక్కువ. అప్పటికి బాబుకి అయిదు నిండి నెలే. అందుకని గిన్నెలు వంటింటి సింకులో కడగడం నిషేధం, దానికి వేరే బకెట్టు, వేరే బ్రష్షు. ముద్దు పెట్టుకోవడాల్లేవు. మా ఇంటి రూలు ఇలా తయారైంది: పులిహోరని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు, పులిహోర తినేముందు మళ్లీ సబ్బుతో చేతులు. బయటివాళ్లు వింటే పిచ్చివాళ్లనుకుంటారు.

2021 ఫిబ్రవరి మంచు తుఫాను టెక్సాస్‌లో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. 15న తెల్లవారుజామున మా వీధిలో కరెంటు పోయింది. బయట సున్నా దగ్గర, మర్నాడు ఇంకా కిందికి. కరెంటు గంట వచ్చేది, ఆరు గంటలు పోయేది. మధ్యాహ్నానికి ఇంట్లో 50, తొట్టిలో 63. మేమంటే స్వెట్టర్లు వేసుకుంటాం, శాలువా కప్పినంత మాత్రాన ఆ ప్రాణికి వేడి రాదు కదా, దానిలో పుట్టే వేడే లేదు. చిన్న ప్లాస్టిక్ డబ్బాకి బెజ్జాలు పెట్టి, బట్టలో చుట్టి అందులో పడుకోబెట్టాం. దాన్ని ఐస్ చెస్ట్‌లో పెట్టి, పక్కన వేణ్ణీళ్ల సీసాలు సాక్సుల్లో దూర్చి పెట్టాం. గ్యాస్ పొయ్యి ఉండబట్టి నీళ్లు కాచుకోగలిగాం. రెండు గంటలకోసారి సీసాలు మార్చడం, గాలి ఆడేలా మూత ఓరగా ఉంచడం. రాత్రి పన్నెండు నుంచి నా డ్యూటీ, మూడు నుంచి ఆయన. చంటిపిల్లల రోజులు మళ్లీ గుర్తొచ్చాయి. పాపకి జాలేసి ఒక పురుగు పెడతానంది, వద్దన్నాను. చల్లగా ఉన్నప్పుడు తింటే అరగదు, లోపలే కుళ్లుతుంది. మూడు రోజులు ఏమీ తినలేదు. కరెంటు నిలబడ్డాక తూకం వేస్తే ఒక్క గ్రాము తగ్గింది, అంతే. తోక ఖజానా ఊరికే పెట్టుకోలేదు మరి.

మాకు జరిగిన నష్టం తుఫానులో కాదు, మామూలు రోజుల్లో. దీనికి కుబుసం ఊడేముందు ఒళ్లంతా పాలిపోయి, పూరీ పిండి చల్లినట్టవుతుంది. తర్వాత సాక్సు లాగినట్టు నోటితో లాగి, ఆ తోలు తానే తినేస్తుంది. అందుకు తడి గుహ ఒకటి ఉండాలి, లోపల తడి నాచో తడి పేపరో వేసి. కిట్‌లో ఉన్నది ఒకే గుహ, అదీ పొడిది. కావాల్సినవి మూడని మాకు తెలియదు. ఆ వేసవిలో ఒకరోజు దాని ముందు ఎడమకాలి వేళ్ల చుట్టూ తెల్లటి దారాల్లాంటివి చూశాను. రెండు మూడు కుబుసాల తోలు ఊడకుండా ఒకదాని మీద ఒకటి ఉంగరంలా బిగిసింది. గోరువెచ్చని నీళ్లు దాని పొట్ట అందేంత పోసి, ఇరవై నిమిషాలు నిలబెట్టి, తడి ఇయర్ బడ్‌తో మెల్లిగా తోశాం. మూడు వేళ్లవి వచ్చాయి, నాలుగోది నల్లబడిపోయింది.

ఇంటి దగ్గర ఆస్పత్రివాళ్లు "మేం కుక్కలూ పిల్లులే చూస్తాం" అని ఫోన్ పెట్టేశారు. సరీసృపాల డాక్టర్ల సంఘం వెబ్‌సైటులో వెతికితే నలభై నిమిషాల దూరంలో ఒకామె దొరికింది. పరీక్షకి తొంభై అయిదు డాలర్లు, పెంట పరీక్షకి ఇంకో నలభై. నలభై డాలర్ల బల్లికి నూట ముప్ఫై అయిదు బిల్లా అని మా ఆయన కారులో నోరెత్తలేదు గానీ ముఖం చెప్పింది. ఆ వేలి కొస పోయింది. ఇప్పటికీ అది అద్దం మీద చెయ్యి ఆనిస్తే నాలుగున్నర వేళ్ల ముద్ర నాకే కనిపిస్తుంది. కొనేముందే డాక్టరు ఎక్కడున్నారో చూసుకోవాలని ఆ స్లైడుల్లో లేదు, మేమూ అడగలేదు.

2022లో అత్తయ్యగారు తెనాలి నుంచి ఆర్నెల్లుందామని వచ్చారు. తొట్టి చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. "మీద పడితే తలస్నానం చేసే బల్లిని డబ్బులిచ్చి కొన్నారా? పైగా ప్రసాదం పేరా?" అని. వారం దాకా ఆ గదిలోకి రాలేదు. తర్వాత రోజూ సాయంత్రం కుర్చీ లాక్కుని దూరం నుంచి చూడ్డం మొదలుపెట్టారు. ఇది మామూలుగా నోరు విప్పదు. ఒకరోజు పాప కుబుసం తోలు లాగబోతే చిన్నగా కీచుమంది. అత్తయ్యగారు ఠక్కున వేలితో కుర్చీ చెయ్యి మీద కొట్టి "సత్యం, సత్యం" అన్నారు. అంతకుముందు నిమిషమే నేను "ఈసారి మీరు సంక్రాంతి దాకా ఉండిపోతారు లెండి" అని ఉన్నాను. ఉండిపోయారు కూడా, ఉండే గడువు పొడిగించుకుని. వెళ్లేముందు "కంచిలో బంగారు బల్లిని ముట్టుకునే వచ్చాను, నాకేం దోషం లేదు" అంటూ అరచేతిలోకి తీసుకున్నారు. తర్వాత ఆమె చేతులకి సబ్బు పెట్టించే బాధ్యత బాబుది.

ఇప్పుడు పులిహోర నలభై గ్యాలన్ల తొట్టిలో ఉంది, 58 గ్రాములు. మూడు గుహలు, టైల్స్, పొద్దున వెలిగి సాయంత్రం ఆరే సన్నటి యూవీ లైటు. ఇండియా వెళ్లినప్పుడు పాప ఫ్రెండు ఇంట్లో వదులుతాం, కుక్కతో పోలిస్తే ఇది చాలా తేలిక. మొత్తం లెక్క తీస్తే, పారేసిన కిట్ కాకుండా, మొదటి ఏడాది దాదాపు అయిదొందలైంది. తర్వాత నెలకి పదిహేను, ఇరవై.

ఒక స్టారు ఎందుకు తగ్గించానంటే, ఒళ్లో పడుకుని గారాలు పోయే జీవి కాదిది. చెయ్యి వెచ్చగా ఉంటుందని ఎక్కుతుంది, మీ మీద ప్రేమ అనుకుంటే మీ ఇష్టం. రెండోది, పదిహేను ఇరవై ఏళ్లు బతుకుతుంది. పాప కాలేజీకి వెళ్లాక ఫ్రిజ్‌లో పురుగులు చూసుకోవాల్సింది ఎవరో నాకిప్పటికే తెలిసిపోయింది. పులిహోర సంగతులు విని హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు నక్షత్ర తాబేలు కొంటానన్నాడు. ఒరే, అది వన్యప్రాణి చట్టం కింద నేరం, ఎవడైనా అమ్ముతానన్నా దగ్గరికి పోకు అని గట్టిగా చెప్పాను.

కిట్‌లో విప్పని రెండో సంచి ఇసుక గ్యారేజీలో మూడేళ్లు పడుంది. మొన్న సంక్రాంతి బొమ్మల కొలువుకి పాప దాన్ని తెచ్చి, కొండపల్లి ఎడ్లబండి ముందు నుంచి గుడి దాకా నారింజ రంగు దారి పోసింది. చూసినవాళ్లంతా ఎక్కడ కొన్నారని అడిగారు.