పదిరెట్ల లూప్‌తో తొమ్మిదేళ్ళు: వెండి రూపాయి గ్రేడ్ చెప్పడానికి ఏ మాత్రం పనికొచ్చింది?

నాణెం ఎంత అరిగిందో చెప్పే గ్రేడ్ తేల్చడానికి 2016లో ఎనిమిది వందలు పెట్టి కొన్న మడత లూప్, అంటే చేతిలో పట్టే చిన్న భూతద్దం, ఇది. స్టీలు తొడుగు, 18 మిల్లీమీటర్ల అద్దం, పదిరెట్లు. మూడు అద్దాలు కలిపి అతికించిన ట్రిప్లెట్ రకం. అంతకు ముందు, పెట్టె మీద 60 రెట్లు అని గొప్పగా రాసి ఉన్న నూటయాభై రూపాయల లూప్ వాడేవాణ్ణి. దాంట్లో అక్షరాల చుట్టూ నీలం, పసుపు అంచులు కనిపించేవి. మధ్యలో తప్ప ఎక్కడా చూపు ఆనేది కాదు. ఈ ట్రిప్లెట్‌లో ఆ రంగుల గోల లేదు. ఆ వరకు పెట్టిన డబ్బు గిట్టినట్టే.

కానీ మొదటి రెండేళ్ళు ఇది నన్ను బాగా తప్పుదారి పట్టించింది. పదిరెట్లు పెంచి చూస్తే ఏ వెండి రూపాయికైనా ఒంటినిండా గాయాలే. టంకశాలలో అచ్చయిన నాణేలు ఒకదాని మీద ఒకటి పడతాయి, సంచుల్లో ఒరుసుకుంటాయి. ఒక్క చెయ్యి కూడా మారని నాణెం మీదా ఆ నొక్కులు ఉంటాయి. అది తెలియక, దాదాపు వాడకంలోకే రాని 1918 జార్జి రాజు బొమ్మ రూపాయిని, చెంప మీద గీత ఉందని తిప్పి ఇచ్చేశాను. అదే నెలలో, అక్షరాలు పదునుగా ఉన్నాయని ఒక 1907 ఎడ్వర్డ్ రూపాయిని, అమ్మినాయన యూఎన్‌సీ (అసలు వాడకంలోకే రానిది) అంటే నమ్మి కొన్నాను. ఇంటికొచ్చి పసుపు బల్బు కింద వాలుగా తిప్పితే అసలు సంగతి బయటపడింది. ఒకే దిక్కుకి పోయే సన్నని గీతలు, ఎవరో పాలిష్ గుడ్డతో తుడిచిన ఆనవాళ్ళు. లూప్‌లో అంతసేపు చూసినా అవి నా కంటికి తగల్లేదు. ఎందుకంటే నేను చూసింది అక్షరాలనే.

అసలు చిక్కు అద్దం సైజులోనే ఉంది. రూపాయి అడ్డంగా ముప్పై మిల్లీమీటర్ల పైమాటే. లూప్‌లో ఒక్కసారికి దాని ముక్క మాత్రమే కనబడుతుంది. గ్రేడ్ ఏమో నాణెం మొత్తానికి ఇచ్చేది. ముక్కముక్కగా చూసి మొత్తానికి మార్కులు వేస్తే తప్పు జరక్క ఏం చేస్తుంది?

అందుకే ఇప్పుడు నా వరస మారింది. ట్యూబ్‌లైట్ ఆపేసి, ఒక్క పసుపు బల్బు వేసి, నాణేన్ని అంచుతో పట్టుకుని మామూలు కళ్ళతోనే చూస్తాను. మెల్లగా వాలుస్తూ తిప్పితే, మెరుపు చెడని నాణెం మీద బండిచక్రం ఆకుల్లా వెలుగు గీతలు తిరుగుతాయి. ఎత్తుగా ఉన్నచోట ఆ వెలుగు తెగి బూడిదరంగు మచ్చ కనిపిస్తే అక్కడ అరుగుదల మొదలైనట్టే. జార్జి రూపాయికైతే నేను కిరీటం, చెవి, కనుబొమ్మ, గడ్డం చూస్తాను. ఆ మచ్చ కనబడ్డాక లూప్ తీస్తాను. అచ్చే సరిగ్గా పడలేదా, పడ్డాక అరిగిందా అన్నది తేల్చడంలో దీనికి తిరుగులేదు. అచ్చు పడని చోట గీతలు మొద్దుగా ఉన్నా పైన మెరుపు ఉంటుంది. అరిగిన చోట మెరుపు ఉండదు, పైపొర నున్నగా చచ్చిపోయినట్టు ఉంటుంది. ఈ తేడా పట్టుకోవడానికే నాకు మూడేళ్ళు పట్టింది.

1 నుంచి 70 వరకు అంకెలేసే షెల్డన్ స్కేలు అమెరికా రాగి సెంట్ల కోసం 1949లో పుట్టింది, తర్వాత అన్ని నాణేలకూ పాకింది. 62కీ 63కీ తేడా నేను చెప్పలేను, చెప్పగలనని బుకాయించను కూడా. వీఎఫ్ (కొంచెం అరిగింది), ఎక్స్‌ఎఫ్ (చాలా తక్కువ అరిగింది), ఏయూ (దాదాపు వాడనిది), యూఎన్‌సీ వరకు చెబితే నా కొనుగోళ్ళకి సరిపోతుంది.

మా నానమ్మ డబ్బాలో పదకొండు హాలీ సిక్కాలు (హైదరాబాద్ నిజాం రూపాయలు), నాలుగు కల్దార్లు (బ్రిటిష్ ఇండియా రూపాయలు) దొరికాయి. లూప్ కొన్నందుకు నిజంగా సంబరపడింది ఆ రోజే. ఈ హాలీ సిక్కాల మీద చార్మినార్ ఉంది. దాని తోరణంలో ఉర్దూ అక్షరం ఐన్ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది, మీమ్ ఉంటే మహబూబ్ అలీ పాషాది. అరిగిన నాణెంలో ఆ అక్షరం మామూలు కంటికి ఒక మరకలా ఉంటుంది, లూప్‌లో పెడితే వంపు తెలుస్తుంది. పదకొండింటిలో రెండింటికి అంచు మీద టంకం మచ్చ ఉంది. ఎప్పుడో కొక్కెం అతికించి మెడలో వేసుకుని, తర్వాత ఊడదీసినవి. ఇంకో ఆరింటికి మినార్ల సందుల్లో ఎర్రటి పొడి గట్టిపడి ఉంది. అది ఏళ్ళ తరబడి లక్ష్మీపూజలో పెట్టిన కుంకుమ. ఏటా పూజకి ముందు చింతపండుతో తోమేది కదా, ఇక మెరుపు ఎక్కడుంటుంది? అమ్మేవాళ్ళ లెక్కలో వాటి గ్రేడ్ పడిపోయినట్టే. ఆ కుంకుమ మాత్రం నేను తీయలేదు.

నకిలీల దగ్గర లూప్ ఒక్కటే చాలదు, చిన్న తూకం మిషన్ తప్పనిసరి. కల్దార్ సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. హాలీ సిక్కా 11.18 గ్రాముల దాకా ఉంటుంది, వెండి 81.8 శాతమే. 1940 నుంచి వచ్చిన జార్జి 6 రూపాయల్లో వెండి సగమే. అయితే ఒకసారి తూకానికి సరిగ్గా వచ్చిన 1939 రూపాయిని ఈ లూపే పట్టించింది. ఆ ఏడాదిది అరుదు. చివరి 9 చుట్టూ ఉన్న ఖాళీ భాగం మిగతా చోట్లలా లేదు, సూదిమొనతో గీకినట్టు గరుకుగా ఉంది. చివరి 8ని 9గా మార్చి మంచి 1938 నాణేన్ని పాడుచేసి పెట్టారు. మర్యాదగా వద్దని వచ్చేశాను.

వస్తువుగా చెప్పాలంటే, నాలుగో ఏట మడత దగ్గర స్క్రూ వదులై అద్దం వేలాడింది. కళ్ళజోళ్ళు బాగుచేసే అతను పది రూపాయలకు బిగించాడు. మళ్ళీ వదులైతే ఈసారి నేనే గోళ్ళరంగు చుక్క వేసి ఆపాను. కళ్ళజోడుతో చూస్తే చూపు మేర ఇంకా తగ్గుతుంది. అద్దానికీ నాణేనికీ మధ్య అంగుళమే ఉండటంతో తలనీడ పడుతుంది, బల్బు పక్క నుంచి రావాల్సిందే. కింద మెత్తటి గుడ్డ పరచకుండా చూడొద్దు, నేను ఒక ఎక్స్‌ఎఫ్ రూపాయిని గచ్చు మీద పడేసి అంచు సొట్ట చేసుకున్నాను.

ఇప్పుడు మళ్ళీ కొనాల్సొస్తే మొదట ఐదురెట్ల పెద్ద అద్దం కొంటాను, గ్రేడ్ కోసం. ఈ పదిరెట్లది అంకెలు, అంచులు, టంకం మచ్చలు చూడటానికి జేబులో ఉంటుంది.