సీసీఎన్‌ఏ ల్యాబ్: ప్యాకెట్ ట్రేసర్ చాలా, సామాను కొనాలా?

సీసీఎన్‌ఏ (సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్ష) పుస్తకం తెరిచిన రెండో వారానికే ఈ ప్రశ్న వస్తుంది. “అన్నా, ప్యాకెట్ ట్రేసర్ సరిపోతుందా, లేక స్విచ్‌లు కొనుక్కోవాలా?” ప్యాకెట్ ట్రేసర్ అంటే నెట్‌వర్క్‌ను కంప్యూటర్‌లోనే అనుకరించే సిస్కో సాఫ్ట్‌వేర్. మా టీములో చదువుతున్న ముగ్గురూ విడివిడిగా ఇదే అడిగారు. నేను రెండూ వాడాను కాబట్టి తోచింది చెబుతాను.

సీసీఎన్‌ఏ పరీక్ష (కోడ్ 200-301) గట్టెక్కడమే పని అయితే ప్యాకెట్ ట్రేసర్ చాలు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకుంటే ఉచితం, పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. ఓఎస్‌పీఎఫ్, ఏసీఎల్, నాట్, డీహెచ్‌సీపీ లాంటి పరీక్ష పాఠాలన్నీ అందులో కట్టి చూడొచ్చు. వైర్‌లెస్ కంట్రోలర్ కూడా ఉంది. అది ఇంటికి కొని తెచ్చుకునే వస్తువు కాదు. సిమ్యులేషన్ మోడ్‌లో ఒక్కో ప్యాకెట్‌ను దారిలో ఆపి, విప్పి చూసే సౌకర్యం నిజం సామానులో దొరకదు.

కానీ నా వరకు తేల్చాల్సిన విషయం వేరు: ల్యాబ్‌లో తప్పు ఎక్కడి నుంచి వస్తుంది? ప్యాకెట్ ట్రేసర్‌లో చెడేది నేను చెడగొట్టినదే. తప్పుగా ఇచ్చిన సబ్‌నెట్ మాస్కో, పోర్టును ఆన్ చేసే ‘నో షట్‌డౌన్’ కమాండు మరిచిపోవడమో అయి ఉంటుంది. ఉద్యోగంలో మన ముందుకొచ్చే తప్పులు ఎక్కువగా ఇంకెవరో వదిలేసి వెళ్లినవి.

కంప్యూటర్ సామాను దొరికే సికింద్రాబాద్ సీటీసీలో రెండు సెకండ్ హ్యాండ్ సిస్కో 2960 స్విచ్‌లు కొన్నాను. ఇంటికి తెచ్చి, కాన్ఫిగరేషన్ చెరిపే ‘రైట్ ఎరేజ్’ కొట్టి, రీలోడ్ చేసి చూస్తే, ఎవరిదో పాత ఆఫీసు వీలాన్‌లు (ఒకే స్విచ్‌లో విడదీసిన వేర్వేరు నెట్‌వర్క్‌లు) అలాగే ఉన్నాయి. వీలాన్‌లు ఫ్లాష్‌లో వీలాన్ డాట్ డ్యాట్ అనే వేరే ఫైల్లో ఉంటాయని, దాన్ని విడిగా తీసెయ్యాలని ఆ రాత్రి తెలుసుకున్నాను. వీలాన్‌ల జాబితాను స్విచ్‌ల మధ్య పంచే పద్ధతి వీటీపీ. అలాంటి స్విచ్‌ను అదే వీటీపీ డొమైన్, అదే పాస్‌వర్డ్ ఉన్న నెట్‌వర్క్‌లో ట్రంకుకు (అన్ని వీలాన్‌లనూ మోసే లింకుకు) తగిలిస్తే, దాని రివిజన్ నంబరు (జాబితా మారినప్పుడల్లా పెరిగేది) పెద్దదైతే, అక్కడి వీలాన్‌ల జాబితా తుడిచిపెట్టుకుపోతుంది. పుస్తకంలో ఒక వాక్యంగా చదివి దాటేసిన సంగతి, కళ్ల ముందు ఆ పాత పేర్లు చూశాక ఒళ్లు జలదరించేలా అర్థమైంది.

తర్వాత రెండు స్విచ్‌ల మధ్య రెండు కేబుళ్లు వేశాను. ప్యాకెట్లు లూపులో చుట్టూ తిరగకుండా చూసే స్పానింగ్ ట్రీ ఆపడంతో ఒక పోర్టు నారింజ రంగులో ఆగింది. నడుస్తున్న కేబుల్ పీకితే, ఆ నారింజ లైటు పచ్చబడడానికి 30 సెకన్లు పట్టింది. పింగ్ ఆగిపోయి ఎదురుచూస్తున్నప్పుడు ఆ 30 సెకన్లు ఎంత పొడుగో తెలిసింది. స్పానింగ్ ట్రీలోనే వేగమైన రకం రాపిడ్ పీవీఎస్‌టీకి మార్చి మళ్లీ పీకితే, రెప్పపాటులో కోలుకుంది. చివరికి రెండింటిలోనూ స్పానింగ్ ట్రీ ఆపేశాను. కేబుళ్లున్న పోర్టుల లైట్లన్నీ ఒకేసారి పిచ్చిగా మిణుకుమన్నాయి, ల్యాప్‌టాప్ పింగ్ చచ్చిపోయింది. మరుసారి ఏ ఆఫీసు ర్యాక్‌లో ఆ మిణుకు చూసినా లూపేనని ముందు అనుమానిస్తాను.

అందుకే నా మొగ్గు: స్విచ్‌లు నిజమైనవి కొనండి, రౌటర్లు కొనొద్దు. రౌటింగ్ తప్పులు చాలావరకు కాన్ఫిగరేషన్‌లోనే ఉంటాయి. అవి సాఫ్ట్‌వేర్‌లోనూ అలాగే దొరుకుతాయి. స్విచ్ తప్పులకు కేబుల్, పోర్టు, లైటు కావాలి. పాత రౌటర్ల మోత, కరెంటు ఖర్చు కూడా తప్పుతాయి.

జీఎన్ఎస్3 అనే ల్యాబ్ సాఫ్ట్‌వేర్ మంచిదే, కానీ ఐఓఎస్ (సిస్కో పరికరాల ఆపరేటింగ్ సిస్టమ్) ఇమేజ్‌లు దాంతో రావు. అందులో సిస్కో రౌటర్లను నడిపే డైనమిప్స్, 2960 లాంటి క్యాటలిస్ట్ స్విచ్‌లను అనుకరించలేదు కూడా. తర్వాతి మెట్టు సీసీఎన్‌పీకి వెళ్లేవాళ్లు సిస్కో వాళ్ల ల్యాబ్ సాఫ్ట్‌వేర్ సీఎంఎల్ చూడండి; 5 నోడ్‌ల వరకు ఉచిత వెర్షన్ ఉంది.

24 పోర్టుల 2960లో సాధారణంగా ఫ్యాన్ ఉంటుంది. పడకగదిలోనే చదివేవాళ్లయితే ఫ్యాన్ లేని 8 పోర్టుల మోడల్ వెతకండి. కన్సోల్ కేబుల్, యూఎస్‌బీ అడాప్టర్ వెంట తీసుకెళ్లి, షాపులోనే ఆన్ చేయించండి. ‘సిస్ట్’ (సిస్టమ్) లైటు పచ్చగా నిలకడగా వెలిగేదాకా ఆగండి. నారింజ రంగులో నిలిచిపోతే, ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు.