బెయాయ్‌నెటు, డోరో వాట్: ఇథియోపియా హోటల్లో ఏది చెప్పాలి?

వాషింగ్టన్ చుట్టుపక్కల సిల్వర్ స్ప్రింగ్, అలెగ్జాండ్రియా లాంటి ఊళ్లలో ఇథియోపియా కుటుంబాలు నడిపే చిన్న హోటళ్లు చాలానే ఉన్నాయి. కొత్తగా వెళ్లే మనవాళ్లు ఎక్కువగా తేల్చుకోలేనిది ఇదే: శాకాహార పళ్లెం బెయాయ్‌నెటు చెప్పాలా, కోడికూర డోరో వాట్ చెప్పాలా? రెండూ ఇంజెరా మీదే వడ్డిస్తారు. టెఫ్ అనే చిరుధాన్యం పిండిని కొన్ని రోజులు పులియబెట్టి, ఒకవైపే కాల్చే మెత్తటి అట్టు అది. కూరను దానితోనే చుట్టి చేత్తో తినాలి.

డోరో వాట్‌లో అసలు శ్రమంతా ఉల్లిపాయలదే. సన్నగా తరిగి, ముందు నూనె లేకుండా చాలాసేపు మగ్గనిస్తారు. తర్వాత సుగంధ ద్రవ్యాలతో కాచిన నెయ్యి, బెర్బెరె అనే మసాలా కారం, కోడి ముక్కలు, ఉడికించిన గుడ్లు. కారం ఇష్టపడేవాళ్లకు భలే నచ్చుతుంది. అయితే తిన్నంతసేపూ ఒకటే రుచి.

నా ఓటు మాత్రం బెయాయ్‌నెటుకే. ఎర్రగా కారంగా మసూర్ పప్పు, పసుపు వేసిన కమ్మటి బఠానీ పప్పు, ఆకుకూర, క్యాబేజీ, పప్పుల పిండితో చేసే చిక్కటి కూర షిరో, అన్నీ ఒకే పళ్లెంలో వస్తాయి. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో ఉపవాసం ఉండి మాంసం, పాలు, గుడ్లు మానేస్తారు. అందుకే ఈ వంటల్లో ఇంత వైవిధ్యం. సాధారణంగా వీటిలో నెయ్యి కూడా వేయరు. నలుగురు వెళ్తే రెండూ చెప్పి ఒకే పళ్లెంలో పెట్టమనండి. గోధుమ పడనివాళ్లు మాత్రం ఇంజెరా పూర్తిగా టెఫ్‌తోనే చేశారో లేదో ముందే అడగాలి.