షార్ట్ బెడ్ ట్రక్కుతో ఫిఫ్త్ వీల్: డాలస్ నుంచి జయాన్ దాకా ఏ బసకు ఏ హిచ్

డాలస్ నుంచి అమరిల్లో మీదుగా గ్రాండ్ కాన్యన్, అక్కడి నుంచి యూటాలోని జయాన్ నేషనల్ పార్క్. టెక్సాస్‌లో ఉన్న తెలుగువాళ్ళు ఫిఫ్త్ వీల్ ట్రైలర్‌తో (ముందు భాగం పికప్ ట్రక్కు బెడ్ మీదకు వచ్చి తగులుకునే ఇంటి ట్రైలర్) వెళ్ళడానికి ఇది చక్కని దారి. వంట మన చేతిలో ఉంటుంది, పెద్దవాళ్ళకూ పిల్లలకూ మంచాలు వెంటే వస్తాయి. బయలుదేరే ముందు అందరూ ఇంజన్ లాగగలదా అనే అడుగుతారు. ట్రక్కు షార్ట్ బెడ్ (వెనక సామాను తొట్టి పొట్టిగా ఉన్నది) అయితే అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: సైట్లోకి వెనక్కి పెట్టేటప్పుడు ట్రైలర్ ముందు మూల వచ్చి క్యాబ్ వెనక అద్దాన్ని కొడుతుందా? హైవే మీద ఆ భయం లేదు. రోడ్డు మలుపుల్లో ట్రక్కుకూ ట్రైలర్‌కూ మధ్య కోణం అంతగా పెరగదు. అద్దాలు పగిలేది క్యాంప్‌గ్రౌండ్‌లో, చివరి ఇరవై అడుగుల్లో. అందుకే ఏ హిచ్ (ట్రక్కు బెడ్‌లో ట్రైలర్‌ను పట్టి ఉంచేది) కొనాలన్నది ఎక్కడ దిగబోతున్నారన్న దాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.

ముందు టేపు తీయండి. బెడ్ పొడవు చూసి నిర్ణయిస్తే తప్పు. ఫోర్డ్ ఎఫ్-150లో అయిదున్నర అడుగుల బెడ్, రామ్ 2500లో 6 అడుగుల 4 అంగుళాలు, ఎఫ్-250లో ఆరూముప్పావు అడుగులు, ఇవన్నీ షార్ట్ బెడ్ అనే పేరుతోనే అమ్ముతారు. మనకు కావాల్సిన కొలత హిచ్ మధ్యబిందువు నుంచి క్యాబ్ వెనక గోడ దాకా ఉన్న దూరం. హిచ్ ట్రక్కు వెనక ఇరుసుకు సరిగ్గా పైన గానీ, ఒకటి రెండు అంగుళాలు ముందుకు గానీ ఉండాలి. వెనక్కి పోతే ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది.

ఆ దూరం 40 అంగుళాలు వచ్చిందనుకుందాం. ట్రైలర్ వెడల్పు 96 అంగుళాలైతే సగం 48, అంటే 90 డిగ్రీలు తిప్పితే పక్కగోడ క్యాబ్ లోపలికి 8 అంగుళాలు చొరబడాలి. 102 అంగుళాల ట్రైలరైతే 11. అసలు తగిలేది 90కి ముందే. ముందు మూల కింగ్‌పిన్‌కు (హిచ్‌లో దూరే ట్రైలర్ పిన్నుకు) 20 అంగుళాలు ముందుకు పొడుచుకొని ఉంటే, పిన్ నుంచి ఆ మూలకు ఏటవాలు దూరం 52 అంగుళాలు. ట్రైలర్ తిరిగేటప్పుడు క్యాబ్ వైపు మొదట వచ్చేది ఆ మూలే. కొత్త ట్రైలర్లలో మూలలు గుండ్రంగా కోసి, పిన్ బాక్స్ (ఆ పిన్నును మోసే పెట్టె) ముందుకు చాపి ఇస్తున్నారు, అది నిజంగా ఉపయోగపడుతుంది. కానీ 'షార్ట్ బెడ్‌కు సరిపోతుంది' అన్న అమ్మకందారు మాట మీ ట్రక్కు కొలత కాదు. ఖాళీ స్థలంలో ఒకరు కింద నిలబడి చూస్తుండగా, నడక వేగంలో కోణం పెంచుతూ వెళ్ళి, నాలుగు అంగుళాల సందు మిగిలినచోట ఆపండి. మీ హద్దు అక్కడే. నేల ఏటవాలుగా ఉంటే ట్రైలర్ ఒరిగి ఆ సందు ఇంకా తగ్గుతుంది.

ఇక బసలు. మొదటి రాత్రికి అమరిల్లో దగ్గర పాలో డ్యూరో కాన్యన్ స్టేట్ పార్క్ మంచి మజిలీ. నీళ్ళు, కరెంటు ఉన్న సైట్లు లోయలో ఉన్నాయి. దిగే రోడ్డు 10 శాతం వాలు, కాబట్టి పైనే టో హాల్ మోడ్ (బరువు లాగేటప్పుడు గేర్లను సర్దే బటన్) వేసి కింది గేరులో దిగాలి. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే బ్రేకులు కాలిపోతాయి. డీజిల్‌కు ఐ-40 మీద లవ్స్, పైలట్ లాంటి ట్రక్ స్టాపుల్లో లారీల లేన్లలోకే వెళ్ళండి. నేరుగా దూరి నేరుగా బయటపడొచ్చు. కార్ల పంపుల మధ్య ఇరుక్కుంటే మలుపు తీసుకోక తప్పదు, మూల తగిలే రెండో చోటు అదే.

గ్రాండ్ కాన్యన్ దక్షిణ అంచున ట్రెయిలర్ విలేజ్‌కు మా ఓటు. 50 అడుగుల దాకా బండ్లకు పుల్ త్రూ సైట్లున్నాయి, నీళ్ళు, కరెంటు, మురుగు కనెక్షన్ మూడూ ఉన్నాయి. ఇటునుంచి వెళ్ళి అటునుంచి రావడమే కాబట్టి మామూలు స్థిర హిచ్ చాలు. పక్కనున్న మేథర్ క్యాంప్‌గ్రౌండ్ చెట్ల నీడతో అందంగా ఉంటుంది కానీ 30 అడుగులు దాటిన బండ్లకు చోటు లేదు, హుకప్పులూ (నీళ్ళు, కరెంటు, మురుగు కనెక్షన్లు) లేవు.

జయాన్‌కు తూర్పు నుంచి వచ్చే దారిలో 1930 నాటి సొరంగం ఉంది, పొడవు 1.1 మైళ్ళు. ఒకప్పుడు డబ్బు కడితే ఎదురు బండ్లు ఆపి పెద్ద బండ్లను పంపేవారు. 2026 నుంచి 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు లేదా 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు దాటిన బండ్లను పంపరు. దాదాపు ఏ ఫిఫ్త్ వీలైనా ఆ వెడల్పు గానీ ఎత్తు గానీ దాటుతుంది. అరిజోనాలోని పేజ్ ఊరి నుంచి కెనాబ్, ఫ్రెడోనియా, అరిజోనా 389 రోడ్డు, యూటా 59 రోడ్డు, హరికేన్ ఊరు, అక్కడి నుంచి యూటా 9 రోడ్డు పట్టుకొని పార్కు గేటు దగ్గరున్న స్ప్రింగ్‌డేల్ చేరాలి. జీపీఎస్ సొరంగం వైపు లాగుతుంది, వినొద్దు. పార్కులోని వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఏ, బీ లూపుల్లో కరెంటు ఉంది, మురుగు ఖాళీ చేయడానికి డంప్ స్టేషన్ ఉంది. బుకింగ్ వెబ్‌సైటు రిక్రియేషన్ డాట్ గవ్‌లో ప్రతి సైటుకూ పొడవెంత, వెనక్కి పెట్టాలా నేరుగా వెళ్ళొచ్చా అన్నది రాసి ఉంటుంది. ఫొటో కంటే ముందు ఆ రెండూ చదవండి. వెనక్కి పెట్టాల్సిన సైటు, ఎదురుగా ఇరుకు రోడ్డు అయితే స్థిర హిచ్‌తో ముందుకూ వెనక్కూ చాలాసార్లు ఆడాలి.

అలాంటి బసలు ఎక్కువగా ఉంటే స్లైడర్ కావాలి. మాన్యువల్ స్లైడర్ హిచ్ తలను పది పన్నెండు అంగుళాలు వెనక్కి జరుపుతుంది. పై లెక్కలో 40 కాస్తా 52 అవుతుంది. 90 డిగ్రీల దగ్గర 96 అంగుళాల ట్రైలర్ పక్కగోడకు నాలుగు అంగుళాల సందు మిగులుతుంది, కానీ మూల పైన చెప్పినట్టు 20 అంగుళాలు పొడుచుకొని ఉంటే ఆ 52 అంగుళాల ఏటవాలు దూరానికి అంతకు ముందే సందు అయిపోతుంది. 102కు పక్కగోడ దగ్గర కూడా ఒకటే మిగులుతుంది, అది చాలదు. జరపడానికి ముందు ట్రక్కు, ట్రైలర్ ఒకే గీతలో నిలబెట్టాలి. ట్రైలర్ చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టి, స్లైడర్ లివర్ లాగి, క్యాబ్‌లోని ట్రైలర్ బ్రేకు చేత్తో పట్టి ఉంచి, ట్రక్కును మెల్లగా ముందుకు పోనివ్వాలి. తాళం పడిన చప్పుడు వినాలి, దిగి కళ్ళతోనూ చూడాలి. లివర్ రాకపోతే బండి వంకరగా నిలిచి పిన్ను బిగిసిందన్నమాట. సుత్తితో కొట్టకుండా ట్రక్కును ఒక్క అంగుళం అటూ ఇటూ కదిపితే వదులవుతుంది. రోడ్డెక్కే ముందు హిచ్‌ను మళ్ళీ ముందుకు తేవాలి. వెనకే వదిలేస్తే బరువంతా ఇరుసు వెనక పడుతుంది.

ఆటోమేటిక్‌లో పుల్‌రైట్ సూపర్‌గ్లైడ్ పేరున్నది. ట్రక్కు తిరిగిన కొద్దీ హిచ్ తనంతట తానే వెనక్కి జరుగుతుంది, దిగాల్సిన పని లేదు. దానికి ట్రైలర్ పిన్ బాక్సు కింద ప్రత్యేకమైన ప్లేటు బిగించాలి. ధర స్థిర హిచ్‌కు రెండు మూడు రెట్లు, బరువూ ఎక్కువే. ఏటా నెలల తరబడి తిరిగేవాళ్ళకు ఆ డబ్బు దండగ కాదు. ఏడాదికి రెండు ప్రయాణాలకైతే మాన్యువల్ చాలు.

ట్రక్కును వదిలి ట్రైలర్‌ను మార్చే దారి కూడా ఉంది. రీస్ సైడ్‌వైండర్ పిన్ బాక్సు తిరిగే బిందువును 22 అంగుళాలు వెనక్కి తీసుకెళ్తుంది, స్లైడర్ అక్కర్లేదు. కింగ్‌పిన్ హిచ్‌లో తిరగకుండా ఒక వెడ్జ్ పట్టి ఉంచుతుంది. ఆ వెడ్జ్ హిచ్ కంపెనీని బట్టి మారుతుంది. దారిలో ట్రక్కు చెడి వేరే ట్రక్కు వచ్చి ట్రైలర్‌ను లాగాల్సివస్తే ఆ వెడ్జే అడ్డం పడుతుంది. ఆండర్సన్ అల్టిమేట్ దాదాపు 35 పౌండ్ల అల్యూమినియం, ఒక్కరే ఎత్తి బెడ్‌లో పెట్టొచ్చు, బాల్‌ను వెనక్కి జరిపి కూడా అమర్చుకోవచ్చు. దానికీ అదే చిక్కు: కింగ్‌పిన్‌కు బిగించిన కప్లర్ తీస్తే గానీ మామూలు హిచ్ పట్టదు. పిన్ నుంచి కిందికి పొడవుగా దిగే గూస్‌నెక్ అడాప్టర్లు ఏవైనా సరే, ఫ్రేము మీద మెలి పెంచుతాయి. ట్రైలర్ ఫ్రేము తయారీదారు ఒప్పుకుంటున్నట్టు రాసిచ్చాకే వేయించండి. వారంటీ పోయేది ఇక్కడే.

బరువు లెక్క ఇంకా కఠినం. నింపిన ట్రైలర్ 10,000 పౌండ్లయితే పిన్ మీద పడేది 15 నుంచి 25 శాతం, సగటున 2,000 అనుకోండి. హిచ్ 150, నలుగురు మనుషులు 600. మొత్తం 2,750. డ్రైవర్ తలుపు పక్కన అతికించిన పసుపు స్టిక్కరు మీద పేలోడ్ (ట్రక్కు మీద మోయగల బరువు) అంకె చూడండి. ఎఫ్-150 తరగతిలో అది మామూలుగా 2,000కు తక్కువే. బియ్యం బస్తా, కుక్కర్లు, గ్రైండరు సర్దుకునే ఇంట్లో ఈ అంకె ఇంకా త్వరగా నిండుతుంది. 50 గాలన్ల నీళ్ళు నింపితే 415 పౌండ్లు. ట్యాంకు ట్రైలర్ ముందు భాగంలో ఉంటే అందులో చాలా వంతు పిన్ మీదే పడుతుంది. 250 తరగతిలో పెట్రోల్ ట్రక్కుకు సాధారణంగా డీజిల్ కంటే ఎక్కువ పేలోడ్ ఉంటుంది, ఇంజన్ తేలిక కాబట్టి. అంచనాల మీద ఆధారపడకుండా ట్రక్ స్టాపులో క్యాట్ స్కేల్ (లారీలను తూచే కాటా) మీద ట్రక్కును ఒక్కదాన్నీ, తర్వాత ట్రైలర్‌తోనూ తూచండి. రెండుసార్లూ అవే మనుషులు, అంతే ఇంధనం ఉండాలి. ట్రక్కు రెండు ఇరుసుల మొత్తాల మధ్య తేడాయే పిన్ బరువు.

ఫ్యాక్టరీ నుంచే బెడ్‌లో నాలుగు పక్ రంధ్రాలున్న ట్రక్కయితే హిచ్‌ను వాటిలో దించి బిగించడమే. బెడ్ అడ్డంగా పట్టాలు ఉండవు, మిగతా రోజుల్లో సామాను వేసుకోవచ్చు. లేకపోతే ఫ్రేముకు బ్రాకెట్లు వేసి పట్టాలు బిగించాలి. బిగించే షాపువాళ్ళను బోల్టులు టార్క్ రెంచితో బిగించారా అని అడగండి, కొద్ది దూరం లాగాక మాన్యువల్ చెప్పిన అంకెకు మళ్ళీ సరిచూడండి. బెడ్ అంచుకూ ట్రైలర్ అడుగుకూ మధ్య ఆరు అంగుళాలు ఉండాలి, ట్రైలర్ సమంగా నిలవాలి.

తగిలించేటప్పుడు ట్రైలర్ ప్లేటు హిచ్ ప్లేటు కంటే అర అంగుళం కింద ఉండాలి, ట్రక్కు వెనక్కి వస్తూ దాన్ని కొంచెం పైకెత్తాలి. ఎక్కువ ఎత్తులో ఉంటే పిన్ను హిచ్ దవడల (పిన్నును పట్టే భాగాల) మీదకెక్కి కూర్చుంటుంది. లివర్ మూసుకున్నట్టే కనబడి, తర్వాత ట్రైలర్ బెడ్ మీద పడుతుంది. టార్చి వేసి చూడండి, రెండు ప్లేట్ల మధ్య వెలుతురు కనబడకూడదు. లివర్‌కు క్లిప్పు వేయాలి, కరెంటు వైరు తగిలించాలి, బ్రేక్‌అవే తాడును (ట్రైలర్ విడిపోతే దాని బ్రేకులు వేసేది) హిచ్‌కు కాకుండా ట్రక్కుకు కట్టాలి. ట్రైలర్ కాళ్ళు నేలకు ఒక్క అంగుళం ఎత్తులో ఉండగానే, చక్రాల కింద చెక్కలు అలాగే ఉంచి, ట్రైలర్ బ్రేకు పట్టి ముందుకు మెల్లగా లాగి చూడండి. పట్టు జారితే ట్రైలర్ పడేది ఆ ఒక్క అంగుళమే. విప్పేటప్పుడు మొదట టెయిల్‌గేట్ దించాలి, తర్వాత చెక్కలు, కాళ్ళు, వైరు, తాడు, చివర్న లివర్. వాచ్‌మన్ నుంచి బయలుదేరే పొద్దున స్లైడర్ తాళం ముందు గాడిలో పడిందో లేదో చూశాకే స్ప్రింగ్‌డేల్ రోడ్డెక్కండి.