డిజిటల్ పియానోలో పాతకాలపు శ్రుతులు: నా ఓటు వల్లొట్టికే

డిజిటల్ పియానో కొన్నవాళ్లలో చాలామంది సెట్టింగుల్లో 'టెంపరమెంట్' పేజీ, అంటే పన్నెండు స్వరాలను ఏ పద్ధతిలో శ్రుతి చేయాలో ఎంచుకునే పేజీ, తెరిచి చూడరు. నేను ఆ పేజీ ఉందా లేదా అని అడిగి మరీ కొన్నాను. కర్ణాటక వయొలిన్ నేర్చుకున్న చెవి నాది. తంబూరా పక్కన కూర్చుని పెరిగినవాళ్లకు మామూలు కీబోర్డు గాంధారం ఎప్పుడూ పైకి ఎక్కినట్టే ఉంటుంది. అది భ్రమ కాదు. శుద్ధంగా పలికే అంతర గాంధారం షడ్జమం నుంచి 386 సెంట్ల (సెంటు అంటే కీబోర్డు అరస్వరంలో నూరో వంతు) ఎత్తులో ఉంటే, కీబోర్డు మీద 400 దగ్గర ఉంటుంది. మధ్య 'సీ' (C), దాని పైనున్న 'ఈ' (E) స్వరాలు కలిపి నొక్కి పట్టుకోండి, సెకనుకు పదిసార్లు అదురుతుంది.

పన్నెండు శుద్ధ పంచమాలు ఒకదానిపై ఒకటి పేర్చుకుంటూ పోతే, ఏడు స్థాయిలు దాటి ఇంకో 23.5 సెంట్లు మిగిలిపోతాయి. ఆ మిగులును ఎక్కడో ఒకచోట కోయక తప్పదు. మామూలు కీబోర్డు శ్రుతి, అంటే ఈక్వల్ టెంపరమెంట్, దాన్ని అన్ని పంచమాలకూ సమానంగా పంచేస్తుంది. పాతవాళ్లు కొన్ని పంచమాలనే కోసి, మిగతావాటిని ముట్టుకోలేదు.

నా వాయిద్యంలో రెడీగా ఉన్న పాత శ్రుతులు వెర్క్‌మైస్టర్, కిర్న్‌బెర్గర్, తయారుచేసినవాళ్ల పేర్లే. రెండింటిలోనూ 'III' అని పిలిచే మూడో రకమే ఉంది. 1691 నాటి వెర్క్‌మైస్టర్ నాలుగు పంచమాలను దాదాపు ఆరేసి సెంట్లు కోస్తుంది. సీ, ఎఫ్ మేజర్లు హాయిగా ఉంటాయి (గాంధారం 390), జీ మేజర్‌కు రాగానే 396కి ఎగురుతుంది. ఆ ఎగుడుదిగుడు నాకు నచ్చలేదు.

కిర్న్‌బెర్గర్ జర్మన్ స్వరకర్త బాఖ్ శిష్యుడు. ఇతని శ్రుతిలో సీ-ఈ అచ్చంగా శుద్ధం, అదురు సున్నా. బాఖ్ 'వెల్ టెంపర్డ్ క్లేవియర్' మొదటి ప్రెల్యూడ్ ఇందులో వాయిస్తే మొదటి బార్‌లోనే ఒళ్లు పులకరిస్తుంది. కానీ దానికి మూల్యం సీ-జీ, జీ-డీ, డీ-ఏ, ఏ-ఈ పంచమాలు చెల్లించాలి, ఒక్కోటి 5.4 సెంట్లు తక్కువ. నిదానంగా సాగే డీ మేజర్ ముక్కలో డీ-ఏ నిలబెడితే ఆ పంచమం వాలిపోయినట్టే వినిపిస్తుంది. గాంధారం ఎటు పోయినా ఓర్చుకుంటాను, పంచమం వాలితే వయొలిన్ చెవి ఊరుకోదు.

అందుకే వల్లొట్టి శ్రుతి. వల్లొట్టి ఇటలీలోని పాదువాలో సెయింట్ ఆంథొనీ చర్చి సంగీతకారుడు. ఎఫ్ నుంచి బీ దాకా వరుసగా ఆరు పంచమాలను నాలుగేసి సెంట్లు తగ్గించి, మిగతా ఆరింటినీ శుద్ధంగా వదిలేశాడు. సీ, ఎఫ్, జీ మేజర్లు మూడింటి గాంధారమూ 392. అక్కడి నుంచి షార్పులు పెరిగేకొద్దీ మెట్టు మెట్టుగా ఘాటు పెరుగుతుంది. సీ షార్ప్ మేజర్‌లో 408 దాకా పోతుంది, నిజమే. బాఖ్ సీ షార్ప్ మేజర్ ప్రెల్యూడ్‌ను ఈ మూడు పాత శ్రుతుల్లో దేనిలో వాయించినా ఆ కారం తప్పదు, నాకది ఇష్టమే. బాఖ్ వాడిన శ్రుతి ఏదో ఆయన చెప్పలేదు, పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. నేను మాత్రం ఎనభై శాతం సమయం వల్లొట్టిలోనే ఉంటాను.

చిక్కేమిటంటే, అది లిస్టులో లేదు. యూజర్ ట్యూనింగ్‌లో చేత్తో పెట్టుకోవాలి. 'ఏ' (A) స్వరాన్ని సున్నా అనుకుంటే, సెంట్లలో: సీ +6, సీ షార్ప్ 0, డీ +2, ఈ ఫ్లాట్ +4, ఈ −2, ఎఫ్ +8, ఎఫ్ షార్ప్ −2, జీ +4, జీ షార్ప్ +2, బీ ఫ్లాట్ +6, బీ −4. రెడీ శ్రుతులు వాడేవాళ్లు 'బేస్ నోట్' (శ్రుతి మొదలయ్యే ఆధార స్వరం) సీ మీదే ఉందో లేదో చూసుకోండి. ఇంకెక్కడో ఉంటే వినేది వేరే శ్రుతి అవుతుంది.

పియానో టోన్‌లో ఈ తేడాలు సగం దాక్కుంటాయి. హార్ప్సికార్డ్ టోన్‌కు మార్చి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఇంకో చిరాకు, స్విచ్ ఆపగానే నా వాయిద్యం మళ్లీ ఈక్వల్‌కు పోతుంది. రిజిస్ట్రేషన్ మెమరీలో (సెట్టింగులు దాచుకునే చోటు) సేవ్ చేసుకుంటే ఒక్క బటన్‌తో తిరిగి వస్తుంది.