వెనక గేటు దగ్గర ట్యాంకర్లు: సాగర్ నుంచి పోచంపల్లి దాకా

ఈసారి సంక్రాంతికి జనమంతా విజయవాడ హైవే మీద టోల్ గేట్ల దగ్గర బారులు తీరి ఉంటే, మేం మర్రిగూడ నుంచి దక్షిణానికి తిరిగాం. అమ్మ, అక్క, బావ, వాళ్ల ఇద్దరు పిల్లలు, నేను. నాలుగు రోజులు, మూడు బసలు: సాగర్ దగ్గర ఒక ప్రైవేటు రిసార్ట్, మన్ననూరులో అటవీ శాఖ కాటేజీ, సోమశిలలో కృష్ణ ఒడ్డున టూరిజం కాటేజీ. తిరిగొచ్చాక తర్వాతి ఆదివారం పోచంపల్లి కూడా వెళ్లొచ్చాం కాబట్టి దాన్నీ ఇందులోనే కలుపుతున్నాను.

నేను ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మార్చి వచ్చిందంటే సీఎస్సార్ (కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు) లెక్కల ఫైలు నా టేబుల్ మీదికే వస్తుంది. అందుకేనేమో, ‘గ్రీన్’ అనో ‘ఎకో’ అనో బోర్డు కనపడితే చాలు, ఇక్కడ మనం కట్టే డబ్బు ఎవరి చేతికి పోతోంది, మనం వదిలే చెత్త ఎక్కడికి పోతోంది అని చూసే అలవాటైంది. ఈ ప్రయాణంలో ప్రతిచోటా అవే రెండు ప్రశ్నలు అడిగాను. చూడదగ్గ చోట్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను వీటి గురించి రాస్తాను.

మొదటి రోజు సాయంత్రం సాగర్‌లో బుద్ధవనం చూశాం. 274 ఎకరాలు, ఎండ తగ్గాక వెళ్తేనే పెద్దవాళ్లు నడవగలరు. స్తూపం లోపలికి వెళ్లాక అమ్మ చాలాసేపు బయటికి రాలేదు. రెండు గంటలైనా చేతిలో పెట్టుకుని వెళ్లండి.

ఆ రాత్రి బస రిసార్ట్‌లో. పేరు రాయను. ఒక ట్రావెల్స్ వాళ్లు ‘పర్యావరణ హిత బస’ అని చెప్పి ఇప్పించారు. రెండు గదులకు ఒక రాత్రికి 15 వేలు. గదులు శుభ్రంగా ఉన్నాయి, భోజనం బాగుంది, పిల్లలు స్విమ్మింగ్ పూల్ వదిలి రాలేదు. ఉన్న మంచి దాచను. బాత్రూంలో అద్దం పక్కన ఆకు బొమ్మతో ఒక కార్డు ఉంది: టవల్‌ను మళ్లీ వాడండి, నీటిని కాపాడండి అని. దాని కిందే బల్ల మీద నాలుగు అర లీటరు నీళ్ల సీసాలు. అయిపోతే మళ్లీ తెచ్చి పెడుతున్నారు. పొద్దున గది ఖాళీ చేసేటప్పటికి ఆరుగురికి 17 ఖాళీ సీసాలు తేలాయి. 1986లో జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికా పర్యావరణవాది హోటళ్లలో ఇలాంటి టవల్ కార్డుల గురించి రాస్తూనే ‘గ్రీన్‌వాషింగ్’, అంటే పర్యావరణం పేరుతో చేసే పైపై ప్రచారం, అనే మాట వాడాడు. నలభై ఏళ్ల తర్వాత కూడా కార్డు అదే, మాటలు అవే.

అమ్మకు తెల్లవారక ముందే లేచి నడిచే అలవాటు. నేనూ వెంట వెళ్లాను. రిసార్ట్ వెనక గేటు దగ్గర మోటారు చప్పుడు. ఒక ట్యాంకర్ పైపు లోపలికి వేసి నీళ్లు వదులుతోంది, వెనక ఇంకోటి నిలబడి ఉంది. వాకిలి ఊడుస్తున్న ఒకామెను అమ్మ పలకరించింది.

“ఏడికెల్లొస్తున్నయమ్మా ఈ నీళ్లు?”

“పక్కూరి బోర్లకెల్లి పెద్దమ్మా. పండుగ దినాలల్ల నాలుగైదు ట్యాంకర్లు వస్తయి. మా వాడకట్టుకు నల్లా దినం తప్పి దినం వస్తది.”

అమ్మ ఇంకేం అడగలేదు. గదికి వచ్చేదాకా మాట్లాడలేదు.

నల్గొండ వాళ్లకు నీళ్ల ముచ్చట ఊరికే పోయేది కాదు. మా పెద్దమ్మ నలభై దాటకముందే, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌తో నడుము వంగి, తల పైకెత్తి మనిషి ముఖం చూడలేని స్థితికి వచ్చింది. మా బడిలో సగం మంది పిల్లల పళ్లు పసుపు, గోధుమ రంగు చారలతో ఉండేవి. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్ ‘నీరి’ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు పెట్టిన పేరే ‘నల్గొండ టెక్నిక్’. లోకంలో మా జిల్లా పేరు అలా నిలిచింది. కృష్ణ నీళ్లు నల్లాలోకి రావడానికి మా వాళ్లు తరాల పాటు ఎదురుచూశారు. ఆ నేల మీద పక్కూరి బోర్లు తోడి పూల్ నింపుతూ, నీళ్లు కాపాడమని నాకు కార్డు పెడితే కడుపు మండింది.

రిసెప్షన్ గోడ మీద ‘మా సామాజిక బాధ్యత’ అని పెద్ద బోర్డు. మొక్కలు నాటుతున్న ఫొటో, బడి పిల్లలకు బ్యాగులు ఇస్తున్న ఫొటో. మేనేజర్ మర్యాదస్తుడే, కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. మురుగు నీళ్ల శుద్ధికి ప్లాంట్ ఉందా అని అడిగాను. “ప్లాన్‌లో ఉంది సార్” అన్నాడు. వంటింటి వెనక కాలువ నల్లగా పొలాల వైపు పోతోంది, అది నేను చూసే అడిగాను. పనివాళ్లలో ఈ ఊరి వాళ్లు ఎంతమంది అంటే, ఊడ్చేవాళ్లు, తోటపనివాళ్లు, అదీ కాంట్రాక్టర్ ద్వారా అన్నాడు. రాత్రి ప్లేటు 480 రూపాయలకు తిన్న చేప కూడా హైదరాబాద్ నుంచి ఐసు పెట్టెలో వచ్చిందట. పక్కనే కృష్ణ, నేరేడుగొమ్ము వైపు పోతే వైజాగ్ కాలనీలో పొద్దున పట్టిన చేప మధ్యాహ్నానికి పెనం మీద ఉంటుంది.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి కొంచెం చెప్పాలి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్సార్‌కు ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. మామూలుగా చేసుకునే వ్యాపారంలో భాగమైన పని ఇందులోకి రాదు. హోటల్ తన మురుగు తాను శుద్ధి చేసుకోవడం, పనివాళ్లకు సరైన జీతం ఇవ్వడం సీఎస్సార్ కానే కాదు, అవి ముందు చేయాల్సిన పనులు. బ్యాగులు పంచడం తప్పని నేననను, ఆ పిల్లలకు అవి అవసరమే. కానీ ఆ బ్యాగు మోసుకుని పోయే పిల్ల ఇంటికి నల్లా దినం తప్పి దినం వస్తోంది. దానికి కారణంలో కొంత వాటా ఈ పూల్‌ది.

ఆన్‌లైన్‌లో ఆకు గుర్తు చూసి బుక్ చేసేవాళ్లకు ఒక మాట. బుకింగ్ డాట్ కామ్ లాంటి పెద్ద సంస్థే నెదర్లాండ్స్ వినియోగదారుల విభాగం అభ్యంతరం చెప్పాక 2024లో తన ‘ట్రావెల్ సస్టెయినబుల్’ గుర్తును తీసేసింది. మన దగ్గర కూడా అదే ఏడాది అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది, ‘ఎకో ఫ్రెండ్లీ’ అని చెప్పుకునేవాళ్లు దానికి ఆధారం చూపాలి. కాబట్టి అడగండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

రెండో రోజు దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు. చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం, మొత్తం 2,611 చదరపు కిలోమీటర్లు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా శ్రీశైలం రోడ్డు మీద బండ్లు వదలరు, టైం చూసుకుని బయలుదేరండి. కాటేజీ ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోవాలి, సఫారీ కూడా అందులోనే. టీవీ లేదు, ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. మా పిల్లలు మొదటి గంట విసుక్కున్నారు, ఆ తర్వాత మళ్లీ ఫోన్ అడగలేదు. ఫర్హాబాద్ వ్యూ పాయింట్ దాకా జీపులో తీసుకెళ్లిన గైడు చెంచు కుర్రాడు. పులి కనపడలేదు. దుప్పులు, నెమళ్లు కనపడ్డాయి. తేనె కోసం కొండ చరియ నుంచి తాడు పట్టుకుని ఎలా దిగుతారో, పట్టులో పురుగులున్న భాగం ఎందుకు వదిలేస్తారో అతను చెప్తుంటే బావ జీపు ఆపించి మరీ విన్నాడు. అతని జీతం అతని ఊళ్లోనే ఖర్చవుతుంది.

నాకు మాత్రం మన్ననూరు అంటే ప్లాస్టిక్ ఏరే ఆడవాళ్లే గుర్తుంటారు. శ్రీశైలం పోయే భక్తులు కార్ల కిటికీల్లోంచి విసిరేసిన సీసాలు, కవర్లు రోడ్డు పొడుగునా ఏరి, గోతాల్లో నింపి తెస్తారు. ఒకామె పని చేస్తుంటే మా పిల్లలు పక్కన కూర్చున్నారు. ముందు మూత తిప్పి తీస్తుంది. మెడకున్న రింగు చిన్న కత్తితో కోస్తుంది. కాగితం చుట్టు పీకి వేరే కుప్పలో వేస్తుంది. సీసాను మడమ కింద పెట్టి ఒక్క తొక్కు తొక్కి గోతంలోకి విసురుతుంది. సగం తాగి పారేసినవే ఎక్కువ. ఆ మిగిలిన నీళ్లు ఆమె పారబోయడం లేదు. పక్కన ఒక వేప మొక్క ఉంది, ప్రతి సీసా దాని మొదట్లో వంచి ఖాళీ చేస్తోంది. మా మేనకోడలు తన సీసా తీసి చూసుకుంది, మూడొంతులు నిండుగా ఉంది. గటగటా తాగేసింది.

ఇంకొకటి, కోతులకు అరటిపళ్లు వేయకండి. పండు కోసం రోడ్డు మీద కూర్చుని బండ్ల కింద పడుతున్నాయి. బోర్డులున్నా మా ముందు కారు వాళ్లు వేస్తూనే ఉన్నారు.

మూడో రోజు కొల్లాపూర్ దారి అంతా మామిడి పూత వాసన. సోమశిలలో కృష్ణ విశాలంగా, నిశ్శబ్దంగా ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగే గుళ్లను రాయి రాయి విప్పి పైకి తెచ్చి కట్టిన చోటు ఇది. గుళ్లతో పాటు ఊళ్లు ఖాళీ చేసి పోవాల్సి వచ్చినవాళ్లు చాలామంది. ఒడ్డున ఒకామె దగ్గర చేపల వేపుడు, జొన్న రొట్టె తిన్నాం. విస్తరాకుల్లో పెట్టింది. ఆరుగురికి 1,100 రూపాయలు, మొత్తం ఆమె చేతికే. తిన్న ఆకులు బర్రె ముందు వేసింది. ఒడ్డు మీద మాత్రం యాత్రికులు వదిలిన ప్లేట్లు, గ్లాసులు గాలికి నీళ్లలోకి పోతున్నాయి. బస గురించి చెప్పాలంటే, పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా నది. అదొక్కటి చాలు.

నాలుగో రోజు మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి. చిన్నప్పుడు బడి పిల్లలుగా వెళ్లి ఊడలు పట్టుకుని ఊగాం, కొమ్మ మీద పేర్లు చెక్కినవాళ్లూ మాలో ఉన్నారు. ఏడు వందల ఏళ్ల చెట్టు అంటారు, మూడు ఎకరాలకు పైగా పరుచుకుంది. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడింది, చెదలు లోపలంతా తినేశాయి. జనాన్ని ఆపేసి, ఆసుపత్రిలో రోగికి పెట్టినట్టు కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్కగా మందు ఎక్కించారు. ఇప్పుడు దూరంగా బాట మీద నుంచే చూడాలి. “దగ్గరికి పోనియ్యరా మామా?” అని అల్లుడు అడిగితే, నేను చేసిన పని చెప్పి, అందుకే పోనియ్యరని చెప్పాను.

ఇక పోచంపల్లి. ఈసారి మా కాలనీ వాళ్లతో ఒక ట్రావెల్స్ మినీ బస్సులో వెళ్లాం. 1951లో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చి భూదానం మొదలుపెట్టిన ఊరు, 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసిన ఊరు. బస్సువాడు ఊరి బయట పెద్ద షోరూం దగ్గర గంటన్నర ఆపి, ఊళ్లో 25 నిమిషాలు ఇస్తానన్నాడు. షోరూంలో అక్క 2,800 చెప్పిన చీర పట్టుకుంది. అమ్మ దాన్ని తిరగేసింది. వెనక రంగు వెలిసినట్టుంది, డిజైన్ అంచులు గీత గీసినట్టు ఉన్నాయి. అది అద్దకం. నూలుకే రంగు వేసి నేసిన చిటికి చీరకు రెండు వైపులా రంగు ఒక్కటే, బొమ్మ అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటాయి. కొనేముందు తిరగేసి చూడండి.

మేం బస్సు వదిలేసి గల్లీల్లోకి నడిచాం. ఒకింట్లో భార్య నూలును గీతల ప్రకారం రబ్బరు పట్టీలతో బిగించి కడుతోంది. రంగు అంటకూడని చోటల్లా ఒక ముడి. ఆసు పోయడం (మేకుల చుట్టూ నూలు తిప్పి చుట్టడం) చేత్తో అయితే ఒక చీరకు తొమ్మిది వేల సార్లు చేయి అటూ ఇటూ తిప్పాలి. చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక యంత్రం చేసింది అందుకే, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. “షోరూమోళ్లు బస్సుకింత అని కమీషన్ ఇస్తరు సార్. మేం ఇయ్యలేం, బస్సు మా గల్లీకి రాదు” అన్నాడు ఇంటాయన. అక్క అక్కడే రెండు దుపట్టాలు తీసుకుంది. తిరుగు ప్రయాణం ఆర్టీసీ బస్సులో.

ఇంటికొచ్చాక రిసార్ట్‌కు, ట్రావెల్స్‌కు విడివిడిగా మెయిల్ రాశాను. ట్రావెల్స్ నుంచి జవాబు లేదు. రిసార్ట్ మేనేజర్ వారం తర్వాత ఫోన్ చేశాడు. గదుల్లో సీసాలు తీసేసి గాజు జగ్గులు, వరండాలో ఫిల్టర్ పెడుతున్నామని చెప్పాడు. సంతోషమే, ఆ మాట ఆయనకూ చెప్పాను. మరి ట్యాంకర్లు, మురుగు కాలువ అంటే “పై వాళ్లతో మాట్లాడాలి సార్” అన్నాడు. వచ్చే నెల మా బాబాయి వాళ్లు అక్కడికే వెళ్తున్నారు. పొద్దున ఆరింటికి వెనక గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టమని చెప్పాను.