పైనాపిల్ దాచుకునే జంట కుండ: అనంతపురం ఎండలో దాని పనితనం

మిద్దె మీద తొట్లలో పెంచిన పైనాపిల్ కోతకు వచ్చిన తరువాత దానిని ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నకు అనంతపురం వంటి ఊళ్లో సులువైన జవాబు దొరకదు. వేసవిలో వంటగది మరీ వేడిగా ఉంటుంది, ఫ్రిజ్ మరీ చల్లగా ఉంటుంది. ఈ రెండింటికీ నడుమ ఉండే చోటు కోసం పాతూరులో కుండలు అమ్మే ఒక దుకాణం నుంచి రూ. 750 పెట్టి జంట కుండ తీసుకొని, ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ వాడి చూశాను. ఎండాకాలానికి ఇది తప్పకుండా కొనదగిన వస్తువని, వానలు పట్టిన సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మాత్రం పండ్లను దీనికి అప్పగించకూడదని నా అభిప్రాయం.

వస్తువు చాలా సాదా అయినది. వెడల్పు మూతి ఉన్న పెద్ద బాన, దానిలో ఇమిడే చిన్న బాన, రెండింటి నడుమ సందులో ఇసుక, పైన మట్టి మూత. ఇసుకను తడిపితే ఆ తేమ బయటి బాన గోడలోని సన్నని రంధ్రాల గుండా పైకి వచ్చి ఆవిరవుతుంది, ఆవిరయ్యేందుకు కావలసిన వేడిని లోపలి నుంచి లాగుకుంటుంది. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కూరగాయల రైతుల కోసం రూపొందించిన, కరెంటు అక్కరలేని ఇటుకల శీతల గది కూడా ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. అందులో రెండు ఇటుక గోడల మధ్య 7.5 సెంటీమీటర్ల సందు వదిలి ఇసుక నింపుతారు. గాలి ఎంత పొడిగా ఉంటే ఈ పద్ధతి అంత బాగా పనిచేస్తుంది కనుక, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మన జిల్లాకు ఇది కోస్తా ఊళ్ల కంటే ఎక్కువగా నప్పుతుంది. మే నెల మధ్యాహ్నం వరండా నీడలో 39 డిగ్రీలు ఉన్నప్పుడు, మూత వేసిన కుండలో పెట్టిన థర్మామీటరు 27 డిగ్రీలు చూపింది. అదే కుండ సెప్టెంబరు ముసురులో బయటి వేడికి రెండు మూడు డిగ్రీలకు మించి తగ్గించలేకపోయింది.

పన్నెండు డిగ్రీల ఈ తేడా పైనాపిల్‌కు ఎందుకు అంత విలువైనదో చెప్పాలంటే ముందు కోత గురించి మాట్లాడాలి. మామిడికాయను పచ్చిగా కోసి గడ్డిలో మాగబెట్టినట్లు పైనాపిల్‌ను మాగబెట్టడం కుదరదు. దీని కాయలో తరువాత చక్కెరగా మారగల పిండి నిల్వ ఉండదు. తీపి అంతా ఆకుల నుంచి కాడ గుండా వస్తుంది, కాడ తెగిన క్షణమే ఆ రాక ఆగిపోతుంది. కోసిన తరువాత తొక్క పసుపు తిరగవచ్చు, కండ మెత్తబడవచ్చు, కానీ తీపి పెరగదు. అందుకే దూరపు మార్కెట్లకు పంపే వ్యాపారి పచ్చిదనం ఉండగానే కోయక తప్పకపోయినా, ఇంట్లో పెంచుకునేవారు అలా కోయవలసిన అవసరం లేదు. అడుగు వరుసల నుంచి పసుపు పైకి పాకి సగం పండును దాటినప్పుడు, తొక్క మీది కళ్లు (గడుల్లా కనిపించే బుడిపెలు) ఉబ్బెత్తుతనం తగ్గి చదునుగా కనిపించినప్పుడు, కాడ దగ్గర ముక్కు పెడితే తియ్యని వాసన తగిలినప్పుడు కోయాలి. చిక్కేమిటంటే, ఇంత పండిన కాయ మన వేసవిలో వంటగది గట్టు మీద నిండా రెండు రోజులు కూడా నిలవదు. జంట కుండలో అదే పండు నాలుగైదు రోజులు వాసన చెడకుండా, అడుగున మెత్తబడకుండా నిలిచింది. ఏడాదిన్నర నుంచి రెండేళ్లు కనిపెట్టుకొని ఉంటే తప్ప మొక్కకు ఒక్క పండు చేతికి రాదు. దానిని ఇంటికి చుట్టాలు వచ్చేదాకా, లేదా ఆదివారం దాకా ఉంచుకోగలగడం చిన్న సంగతి కాదు.

ఫ్రిజ్ ఉండగా కుండ ఎందుకని అడిగేవారు ఉంటారు. పైనాపిల్ ఉష్ణమండలపు మొక్క. దాదాపు ఏడు డిగ్రీల కంటే తక్కువ చలిలో పండును ఎక్కువ రోజులు ఉంచితే నడుమ కాండం చుట్టూ కండ గోధుమరంగుకు తిరుగుతుంది, బయటికి తీసి మామూలు వేడిలో పెట్టాక ఆ మచ్చ ఇంకా ముదురుతుంది. ఇళ్లలోని ఫ్రిజ్ సాధారణంగా నాలుగు డిగ్రీల దగ్గర ఉంటుంది. బాగా పండిన కాయ ఒకటి రెండు రోజులు దానిని తట్టుకుంటుంది. సగం పసుపు తిరిగిన కాయకే ముప్పు ఎక్కువ. కోసిన ముక్కల సంగతి వేరు. వాటికి ఫ్రిజ్ తప్పనిసరి, బిగుతైన మూత గల డబ్బాలో మూడు నాలుగు రోజుల లోపు తినేయాలి. ముక్కలను కుండలో పెట్టడం ఎట్టి పరిస్థితిలోనూ మంచిది కాదు.

ఇక కుండలోని లోపాలు. దుకాణంలో అందరి కళ్లూ రంగు పూసి ముగ్గులు గీసిన కుండల మీదే పడతాయి, దుకాణదారు కూడా వాటినే ముందుకు జరుపుతాడు. రంగు బాన రంధ్రాలను మూసేస్తుంది కనుక చల్లదనానికి అది శత్రువు. పూత లేని ఎర్రకుండనే అడిగి తీసుకోండి. నాకు ఇచ్చిన జతలో రెండు బానల నడుమ సందు ఒక పక్క నాలుగు వేళ్లు, మరో పక్క వేలెడు కూడా లేదు. ఇరుకైన వైపు ఇసుక త్వరగా ఎండిపోవడంతో అక్కడ గోడ వేడెక్కుతోంది. కొనేటప్పుడు చిన్న బానను పెద్దదానిలో దించి, చుట్టూ చెయ్యి పెట్టి చూసుకోవడం అవసరం. మూత మూతికి సరిగ్గా కూర్చోలేదు. దాని మీద తడిపిన గోనెపట్ట కప్పితేనే పైన చెప్పిన 27 డిగ్రీలు సాధ్యమయ్యాయి.

అన్నిటికంటే పెద్ద చిక్కు నీటితో వస్తుంది. మన బోరు నీటిలో లవణాలు ఎక్కువ. ఆ నీటినే పోస్తూ పోతే కొన్ని వారాల్లో బాన బయట తెల్లటి ఉప్పు పేరుకొని రంధ్రాలు పూడుకుపోతాయి. కొబ్బరి పీచుతో రుద్ది కడిగితే కొంత మేలు జరుగుతుంది కానీ పాత చురుకుదనం పూర్తిగా తిరిగి రాదు. వాన నీరు పట్టి ఉంచుకున్నవారు ఇసుకకు ఆ నీటినే వాడితే కుండ ఆయుష్షు పెరుగుతుంది. మే నెలలో పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఇసుకను తడపాలి. కుండను నేల మీద కాకుండా ఇటుకల మీద, నీడ ఉండి గాలి ఆడే చోట నిలబెట్టాలి. మూసిన గదిలో పెడితే అది చల్లబడదు.

పండును లోపల పెట్టే తీరు కూడా చెప్పుకోదగినది. పండును మెలితిప్పి పెరకకుండా, పదునైన కత్తితో కాడ రెండంగుళాలు ఉంచి కోయాలి. నల్లకుళ్లు తెచ్చే శిలీంధ్రం కోసిన కాడ గుండా, దెబ్బ తగిలిన చోట్ల గుండా లోపలికి వెళుతుంది. అందుచేత కోత ముఖాన్ని కొన్ని గంటలు నీడలో ఆరనిచ్చి, లోపలి బానలో కుదురు వేసి, పండు బాన గోడకు తగలకుండా నిలపాలి. తలమీది ఆకుల కొప్పును తినే రోజు దాకా తీయకూడదు, తీస్తే అది మరో గాయం అవుతుంది. ఎండదెబ్బ తిని ఒక పక్క పాలిపోయిన పండును ఏ కుండా కాపాడలేదు. పడమటి ఎండ తగిలే తొట్లలోని కాయలకు ఏప్రిల్ నుంచే వాటి ఆకులనే పైకి చేర్చి వదులుగా కట్టాలి.

కుండలో కిలో లోపు పండ్లు రెండు నిలువుగా పడతాయి, తొట్లలో పండేవి ఎక్కువగా ఆ పరిమాణంలోనే ఉంటాయి. పండ్లు లేని రోజుల్లో టమాటా, వంకాయ, కరివేపాకు దీనిలో వాడిపోకుండా ఉంటున్నాయి. వానాకాలంలో పండు చేతికి వచ్చేవారు కుండను పక్కన పెట్టి, కోసిన రెండు మూడు రోజుల్లో తినడమో, మిగిలిన దానిని ముక్కలు చేసి పళ్లెంలో విడివిడిగా పరచి డీప్ ఫ్రీజర్‌లో గట్టిపరిచాక సంచిలో కట్టి దాచడమో చేయాలి.